సంక్రాంతికే ముగిసే బడి ఏడాది

ఇటీవలి విద్యా క్యాలెండర్ల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ప్రాథమిక పాఠశాల ఏడాది జూన్ 12న మొదలై ఏప్రిల్ 23న ముగుస్తుంది. మార్చి మధ్య నుంచి ఒంటిపూట బడులు, ఏప్రిల్ మొదటి పక్షంలో సమ్మేటివ్ పరీక్షలు, ఆపైన మార్కుల నమోదు, ప్రమోషన్ల జాబితా, చివరి రోజున తాళం. గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల నల్లరేగడి పొలాలకు మాత్రం వేరే క్యాలెండరు ఉంది. అక్టోబరు నుంచి పత్తి తీతలు మొదలవుతాయి. అవి పలచబడే వేళకు, సంక్రాంతి దాటగానే, మిరప కోతలు అందుకుంటాయి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఊరూరా కల్లాల నిండా ఎర్రటి కాయ ఆరుతుంటుంది, టిక్కీలు (మిరప బస్తాలు) నింపుకున్న లారీలు గుంటూరు యార్డు దారి పడతాయి. కోతలు అయిపోయాక మేలో యార్డుకు కూడా వేసవి సెలవులిస్తారు. ఈ రెండు క్యాలెండర్లూ ఒకే ఇంటి పిల్లల్ని చెరోవైపు లాగుతాయి. బడి తన ఏడాదిని ముగించుకోవడానికి సిద్ధమయ్యే నెలల్లోనే పొలానికి ఎక్కువ చేతులు కావాలి. ప్రాథమిక తరగతిలో ఏడాదిని బాగా ముగించడం ఎలా అని అడిగితే సాధారణంగా వచ్చే జవాబులు చివరి వారం చుట్టూ తిరుగుతాయి: పునశ్చరణ చేయించండి, ఆటలు పెట్టండి, వీడ్కోలు సభ జరపండి, ప్రోగ్రెస్ కార్డులివ్వండి. ఇవి చెడ్డ సలహాలేం కావు. కానీ ఈ నేల మీద ప్రశ్నను చివరి వారానికి కుదిస్తే, ఆ వారానికి బడిలో లేని పిల్లలు లెక్కలోకే రారు. పెళ్లి ఎంత ఘనంగా చేసినా అప్పగింతలు సరిగా జరగకపోతే వెలితి మిగిలిపోతుంది. బడి ఏడాది ముగింపు కూడా అలాంటి అప్పగింతే. పిల్లను వచ్చే ఏడాది టీచరుకు, సెలవుల్లో చూసుకునే ఇంటికి, తన చదువును తానే మోసుకుపోయే ఆ పిల్లకే అప్పగించడం. ఆ పని ఏప్రిల్లో మొదలుపెడితే ఇక్కడ ఆలస్యమైపోతుంది.

పరీక్షతో ఏడాదిని ముగించడం మన బడికి పుట్టుకతో వచ్చింది కూడా కాదు. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో దేశీయ పాఠశాలల వివరాలు పంపమని కలెక్టర్లను కోరాడు. మరుసటి ఏడాది గుంటూరు కలెక్టరు తన జిల్లాలో 574 పాఠశాలలున్నాయని జవాబు రాశాడు. అప్పటి అరుగుబడిలో ఇసుకలో ఓనమాలు దిద్దే పసివాడు, గుణింతాలు వల్లించేవాడు, కావ్యం మొదలుపెట్టినవాడు ఒకే పంతులు ముందు కూర్చునేవారు. తరగతులు లేవు గనుక తరగతి మారడమూ లేదు. ఎవరి పాఠం వాళ్లది, ఎవరి నడక వాళ్లది. పెద్ద పిల్లలు చిన్నవాళ్లకు చెప్పేవారు. ఊరంతా బడి వైపు చూసే రోజు దసరాకు వచ్చేది. పిల్లలు విల్లంబులు పట్టుకుని పద్యాలు చదువుతూ గడప గడపకూ వెళితే, పంతులుకు కానుక, పిల్లలకు పప్పుబెల్లాలు దక్కేవి. ఆ బడిని ఆకాశానికెత్తనక్కర్లేదు. చాలా కులాల పిల్లలకూ, దాదాపు ఆడపిల్లలందరికీ అది మూసిన తలుపే. ఒక్క సంగతి మాత్రం గమనించదగ్గది. కోతల కోసం నెల రోజులు మానేసి తిరిగొచ్చిన పిల్లవాడు వదిలిన చోటే అందుకునేవాడు. వాడు తప్పినవాడు కాడు. 19వ శతాబ్దం రెండో సగంలో మద్రాసు ప్రెసిడెన్సీలో ఫలితాలను బట్టి గ్రాంటు ఇచ్చే పద్ధతి వచ్చింది. ఇన్‌స్పెక్టరు ఏడాదికోసారి వచ్చి పిల్లల్ని పరీక్షిస్తాడు. ఎంతమంది గట్టెక్కితే బడికి ఆ మేరకు డబ్బు. ఏడాది చివర అంటే పరీక్ష అనే అర్థం బలపడింది అక్కడే. ఆ గ్రాంటు పద్ధతి ఎప్పుడో పోయినా, ఏడాదంతా చివరి నాలుగు రోజుల కోసమే ఉందన్న భావన మాత్రం మన బళ్లలో ఇంకా పోలేదు.

దాన్ని మార్చాలన్న ప్రయత్నాలు లేకపోలేదు. బ్రిటిష్ సాయంతో 1984లో ప్రయోగంగా మొదలై 1989 నుంచి రాష్ట్రమంతటా విస్తరించిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం (ఏపీపెప్) ఉపాధ్యాయులకు ఆరు సూత్రాలు నేర్పింది. చేసి నేర్చుకోవడం, పిల్లల మధ్య తేడాలను గుర్తించడం, చుట్టూ ఉన్న పరిసరాలను పాఠంలోకి తేవడంతోపాటు పిల్లలు చేసిన పనిని గోడల మీద ప్రదర్శించడం కూడా అందులో ఉంది. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ఒకటి నుంచి ఐదో తరగతి వరకు ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధన గంటలు ఉండాలంది; ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఎవరినీ ఆపకూడదంది; మూల్యాంకనం నిరంతరం, సమగ్రంగా సాగాలంది. 2019 సవరణ ఐదు, ఎనిమిది తరగతుల్లో ఆపే అధికారాన్ని ప్రభుత్వాలకు తిరిగి ఇచ్చింది. ఆపాలా వద్దా అన్న వాదన ఇన్నేళ్లుగా ఎంత పెద్దగా సాగిందంటే, పైతరగతికి పంపేటప్పుడు పిల్లతోపాటు ఏం పంపాలన్న ప్రశ్న దాని కింద నలిగిపోయింది. ఆపినా చదువు రాదు, పంపినా రాదు. మధ్యలో ఎవరైనా ఆ పిల్ల ఎక్కడ ఆగిందో చూసి అక్కడి నుంచి నడిపిస్తేనే వస్తుంది. నిరంతర మూల్యాంకనం ఉద్దేశం అదే. ఆచరణలో అది నాలుగు ఫార్మేటివ్‌లు, రెండు సమ్మేటివ్‌లుగా, వాటి మార్కుల అప్‌లోడ్‌గా మిగిలింది. ఏప్రిల్లో చాలా బళ్లలో పరీక్ష రాసిన మరునాటి నుంచి హాజరు పడిపోతుంది. పరీక్ష తర్వాత బడిలో ఇక పనేమీ లేదని పిల్లలకూ, తల్లిదండ్రులకూ మనమే నేర్పాం.

పైతరగతికి వెళ్లే పిల్లల చేతిలో ఎంత చదువు ఉంటోందో చూస్తే అప్పగింత ఎందుకంత అవసరమో తెలుస్తుంది. గ్రామీణ పిల్లల చదువును కొలిచే అసర్ సర్వే 2022 నివేదిక ప్రకారం ఆంధ్రప్రదేశ్ గ్రామాల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి స్థాయి పాఠాన్ని చదవగలిగినవారు 10.3 శాతం, 2018లో ఆ సంఖ్య 22.6. కొవిడ్ దెబ్బ అందులో ఉందన్నది నిజమే. కానీ దెబ్బకు ముందున్న సంఖ్య కూడా గొప్పదేమీ కాదు. దేశం మొత్తం మీద 2022లో 20.5 శాతం ఉన్నది 2024కి 27.1కి చేరి, అంటే 2018 స్థాయికి తిరిగొచ్చింది. అక్కడికి చేరాక కూడా ప్రతి నలుగురిలో ముగ్గురు దాకా కింది తరగతి పాఠం చదవలేకుండానే పై తరగతిలో కూర్చుంటున్నారు. బడి మూతపడితే ఏం జరుగుతుందో కూడా మనకు కొంత తెలుసు. అజీం ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం 2021లో ఐదు రాష్ట్రాల్లో 16,067 మంది ప్రభుత్వ బడి పిల్లల్ని పరిశీలించింది. అంతకుముందు ఏడాది వచ్చిన భాషా సామర్థ్యాల్లో కనీసం ఒకదాన్ని 92 శాతం, గణితంలో కనీసం ఒకదాన్ని 82 శాతం కోల్పోయారని తేల్చింది. ఆ ఐదింటిలో మన రాష్ట్రం లేదు, ఏడాది మూతకూ ఏడు వారాల సెలవులకూ పోలిక కుదరదు. అయినా వాడని విద్య జారిపోతుందన్న విషయం అందులో స్పష్టంగా ఉంది.

వేసవి సెలవుల నష్టం మీద అమెరికాలో పెద్ద చర్చే నడిచింది. హారిస్ కూపర్ బృందం 1996లో 39 అధ్యయనాలను సమీక్షించి, వేసవి తర్వాత పిల్లలు సగటున సుమారు నెల రోజుల చదువంత వెనకబడుతున్నారని, చదవడం కంటే లెక్కల్లో నష్టం ఎక్కువని, చదవడంలో మాత్రం పేద, ధనిక పిల్లల మధ్య దూరం పెరుగుతోందని చెప్పింది. 1982లో బాల్టిమోర్‌లో ఒకటో తరగతి పిల్లలతో మొదలైన దీర్ఘకాల అధ్యయనం ఇంకా ముందుకెళ్లి, బడి నడిచే నెలల్లో అందరూ దాదాపు ఒకేలా పెరుగుతున్నారని, తేడా అంతా వేసవుల్లో పుడుతోందని వాదించింది. తర్వాత 2019 ప్రాంతంలో పాల్ వాన్ హిప్పెల్ లాంటివాళ్లు ఆ లెక్కలను తిరగదోడారు. ఆ నష్టం కొంతవరకు అప్పటి పరీక్షల కొలతల్లోని లోపమేనని, పిల్లల మధ్య అంతరం ఎక్కువ భాగం బడిలో చేరకముందే ఏర్పడుతోందని చూపించారు. ఇది పట్టించుకోవలసిన అభ్యంతరం. వేసవి నష్టం అంత ఖాయం కానప్పుడు ముగింపు గురించి ఇంత హడావుడి ఎందుకని అడగవచ్చు. నా వాదన ఆ నెల రోజుల లెక్క మీద నిలబడలేదు. పిల్ల మరిచిపోయినా పోకపోయినా, ఆ పిల్లకు ఏది వచ్చో ఏది రాదో జూన్‌లో కొత్త టీచరుకు తెలియకపోతే, తెలుసుకోవడానికి మళ్లీ నెలలు పడతాయి. ఆ నెలలు పోగొట్టుకునేది మాత్రం మనమే. ఆ నష్టానికి కొలత పరీక్ష అక్కర్లేదు.

గుంటూరు, ప్రకాశం నేలకు ప్రత్యేకమైన చిక్కు ఇక్కడుంది. కోతల కాలంలో కర్నూలు పడమటి మండలాల నుంచి, ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలే మిరప కోతలకు గుంటూరు, పల్నాడు ఊళ్లకు దిగుతాయి. పడమటి ప్రకాశం మెట్ట ప్రాంతాల నుంచి కూడా కూలికి వలసలుంటాయి. కిలోల లెక్కన కూలి అయితే పిల్ల చేతులు కోసిన కాయ కూడా తూకంలో చేరుతుంది. పనిలోకి దించకపోయినా, చంటివాడిని చూసుకోవడానికి ఎనిమిదేళ్ల అక్కను వెంట తీసుకెళతారు. ఊరు విడిచి పోని కూలి ఇళ్లలో కూడా కోతల నెలల్లో హాజరు పట్టీలో ఖాళీలు కనిపిస్తాయి. వలస వెళ్లే ఊళ్లలో సమగ్ర శిక్ష కింద సీజనల్ హాస్టళ్లు నడుపుతున్నారు. తల్లిదండ్రులు వెళ్లినా పిల్లలు ఉన్న ఊళ్లోనే తిని, పడుకుని బడికి వెళ్లేందుకు అవి. మంచి ఏర్పాటే. కానీ అన్ని కుటుంబాలూ ఏడేళ్ల పిల్లను విడిచి వెళ్లలేవు, ముఖ్యంగా ఆడపిల్లను. అలాంటి పిల్లకు బడి ఏడాది సంక్రాంతి సెలవులతోనే ముగుస్తుంది. తిరిగి వచ్చేసరికి పరీక్షలు అయిపోతుంటాయి, లేదా బడికే తాళం పడి ఉంటుంది. కొత్త ఏడాదిలో ఏ బడి లెక్కలోనూ కనబడని పిల్లల పేర్లు బడి పిల్లల వివరాలుండే యూడైస్ పోర్టల్‌లో 'డ్రాప్‌బాక్స్'లో పడతాయి. వాళ్లను వెతికి పట్టుకోమని జూన్‌లో టీచర్లకు ఆదేశాలు వస్తాయి. జూన్‌లో వెతకడం కంటే జనవరిలో అప్పగించడం తేలిక.

వలసే లేకుండా చేయాలి, బాలల శ్రమను ఆపాలి, అంతేగానీ కోతలకు వెళ్లే పిల్లకు వీడ్కోలు పలకడమేమిటని కొందరు అంటారు. ఆ మాటలో న్యాయం ఉంది. ఎం.వి. ఫౌండేషన్ 1991 నుంచి బ్రిడ్జి శిబిరాల ద్వారా పనిలో ఉన్న పిల్లల్ని బడికి చేర్చి, ఏ పిల్లా పనిలో ఉండరాదు, ప్రతి పిల్లా బడిలోనే ఉండాలన్న నియమంలో రాజీ పడకుండా పనిచేసి చూపించింది. ఆ సంస్థను నడిపించిన శాంతా సిన్హాకు 2003లో మెగసెసే పురస్కారం వచ్చింది ఆ పనికే. అదే పని మరో పాఠం కూడా చెబుతుంది. బడికి దూరమైన పిల్లను తిరిగి తేవాలంటే ఆమె చదువు ఎక్కడ ఆగిందో ముందు తెలియాలి. జనవరి అప్పగింత పిల్లను పొలానికి పంపడానికి ఇచ్చే అనుమతి కాదు. సంక్రాంతికి ముందు వారంలోనే వెళ్లబోయే ఇళ్లతో మాట్లాడటం, పిల్లను ఉంచగలిగితే హాస్టల్లో ఉంచడం, ఉంచలేకపోతే వెళ్లే ఊరి బడి పేరు కనుక్కోవడం, ఆ పిల్ల చదివే స్థాయిని ఒక కాగితం మీద రాసి తల్లి చేతికివ్వడం. ఆ కాగితం పట్టుకుని మిరప చేల పక్కనున్న ఊరి బడికి వెళితే, అక్కడి టీచరు ఆ పిల్లను వెనక బల్ల మీద ఊరికే కూర్చోబెట్టకుండా మొదటి రోజునే పాఠం అందుకోగలదు. అలా వచ్చిన పిల్లను చేర్చుకోకుండా తిప్పి పంపడానికి విద్యాహక్కు చట్టం ఒప్పుకోదు. వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలి, కాగితాలు లేవన్న సాకు చెల్లదు.

ఆ కాగితం మీద ఏం రాయాలన్నది ఈ మొత్తం విషయంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచే సంగతి. ప్రోగ్రెస్ కార్డులో 'తెలుగు 34' అని ఉంటే కొత్త టీచరుకు దానితో ఏ ఉపయోగమూ లేదు. ఒత్తులున్న మాటల దగ్గర ఆగుతుంది, బొమ్మ ఉంటే కథను తన మాటల్లో చెబుతుంది, తీసివేతలో పక్క నుంచి అప్పు తెచ్చుకోవడం రాలేదు, పుల్లల కట్టలతో చేయిస్తే వచ్చింది, పక్కన స్నేహితురాలు ఉంటే గట్టిగా చదువుతుంది అని నాలుగు వాక్యాలుంటే, జూన్ 12 నుంచే పని మొదలవుతుంది. మదనపల్లె దగ్గర రిషివ్యాలీలో పద్మనాభరావు, రమ దంపతులు రూపొందించిన నిచ్చెన పద్ధతి ఇదే ఆలోచనను పూర్తి బోధనా విధానంగా మార్చింది. పాఠాలను చిన్న చిన్న మెట్లుగా, కార్డులుగా విడదీస్తారు. ఏ పిల్ల ఏ మెట్టు మీద ఉందో పిల్లకే తెలుస్తుంది. వారం మానేసినా నెల మానేసినా తిరిగొచ్చి అదే మెట్టు నుంచి ఎక్కుతుంది. మేకలు కాసే పిల్లలు, కూలికి వెళ్లే ఇళ్ల పిల్లలున్న ఒంటి టీచరు బళ్ల కోసం పుట్టిన పద్ధతి అది. తమిళనాడు ప్రభుత్వ బళ్లలో వచ్చిన కార్యకలాపాల పద్ధతికి స్ఫూర్తి కూడా అదే. అక్కడ ఏడాది ముగింపు పెద్ద గండం కాకపోవడానికి కారణం, ఏడాది మధ్యలో ఎప్పుడు ఆగినా అప్పగింత సిద్ధంగా ఉండటం. మొత్తం పద్ధతిని రేపే తెచ్చుకోలేకపోయినా, ఆ నాలుగు వాక్యాలు రాయడానికి ఏ పథకమూ అక్కర్లేదు.

ఇలాంటి రాతల వల్ల పిల్ల మీద ముద్ర పడుతుందన్నది బలమైన అభ్యంతరం. రోసెంథాల్, జాకబ్‌సన్ 1968లో ప్రచురించిన ప్రయోగంలో, చీటీ తీసినట్టు ఎంచిన కొందరు పిల్లల్ని 'త్వరలో వికసిస్తారు' అని టీచర్లకు చెబితే, ఆ పిల్లల పరీక్షా ఫలితాలు చిన్న తరగతుల్లో నిజంగానే పెరిగాయని తేలింది. తర్వాతి పరిశోధకులు ఆ ప్రభావం మొదట అనుకున్నంత పెద్దది కాదన్నారు. కానీ చిన్నదైనా ఉంది. మన బళ్లలో కులం, పేట, తండ్రి తాగుడు, అక్క చదువు ఇవన్నీ కాగితం లేకుండానే స్టాఫ్ గదిలో నోటి మాటగా చేతులు మారతాయన్నది నిజం. 'వాడు మొద్దు', 'ఆ ఇంట్లో ఎవరికీ చదువబ్బదు' అన్న మాటలకు సంతకం ఉండదు, తేదీ ఉండదు, కొట్టివేతా ఉండదు. రాసిన అప్పగింత ఆ నోటి ముద్రకు విరుగుడు కాగలదు. అందులో గుణగణాలు రాయకూడదన్న నియమం పాటించినంత కాలం. సోమరి అని రాయకూడదు, ఫిబ్రవరిలో ఎన్ని రోజులు రాలేదో రాయాలి. మందబుద్ధి అని రాయకూడదు, ఏ పద్ధతి ప్రయత్నిస్తే ఎంత వచ్చిందో రాయాలి. ఏది రాదో చెప్పే ప్రతి వాక్యం పక్కన ఏది వచ్చో చెప్పే వాక్యం ఉండి తీరాలి. అది తల్లికి చదివి వినిపించడానికి సిగ్గుపడేలా ఉంటే, రాయడంలోనే తప్పుందన్నమాట.

టీచరు చేతిలో టీచరు పెట్టే ఈ అప్పగింత ఇప్పుడు మరింత అవసరం, ఎందుకంటే మనుషులూ బళ్లూ ఒకే చోట నిలవడం లేదు. 2022లో జీవో 117 కింద మూడు, నాలుగు, ఐదు తరగతులను చాలా చోట్ల దగ్గరి హైస్కూళ్లలో కలిపారు. 2025లో ఆ జీవోను వెనక్కి తీసుకుని మోడల్ ప్రైమరీ స్కూళ్లతో కొత్త అమరిక తెచ్చారు. వేసవిలో బదిలీలుంటాయి. 16,347 పోస్టుల మెగా డీఎస్సీతో కొత్త ఉపాధ్యాయులు వచ్చారు. ఇందులో ప్రతి మార్పుకూ ఏవో కారణాలుండవచ్చు. వాటి తగవులో నేను దిగడం లేదు. కానీ రెండో తరగతి టీచరుకు తెలిసిన ముప్పై మంది పిల్లల సంగతులు బదిలీ ఉత్తర్వుతోపాటు ఊరు దాటి పోతున్నాయి. టీసీలో పుట్టుమచ్చలు రాస్తాం, చదువు సంగతి ఒక్క ముక్కా రాయం. ఐదో తరగతి దాటి హైస్కూలుకు వెళ్లే పిల్ల రికార్డు షీటు వెంట ఆ నాలుగు వాక్యాలు కూడా వెళ్లాలి.

పిల్లకు పిల్లనే అప్పగించే పని కొంచెం వేరు. మార్చి వచ్చిందంటే పునశ్చరణ పేరుతో ప్రశ్నాజవాబులు ఎక్కించి రాయించడం మన అలవాటు. జ్ఞాపకశక్తి మీద పరిశోధన చేసిన రోడిగర్, కార్పికీ 2006లో చూపినది దీనికి విరుద్ధంగా ఉంది. చదివినదాన్నే మళ్లీ మళ్లీ చదివినవాళ్ల కంటే, పుస్తకం మూసి గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించినవాళ్లకు వారం తర్వాత ఎక్కువ గుర్తుంది. వాళ్లు పరీక్షించింది కాలేజీ విద్యార్థులనే అయినా, పసిపిల్లల విషయంలో కూడా ఈ ఫలితం స్థూలంగా నిలబడుతుందని తర్వాతి పని చెబుతోంది. అంటే కాపీ రాతలకు బదులు, జూలైలో చెప్పిన కథ ఎవరికి గుర్తుందో చెప్పమనడం, గత నెల లెక్కను ఈ రోజు పలక మీద చేయమనడం. జూన్ నోటుపుస్తకం మొదటి పేజీ, మార్చి నాటి పేజీ పక్కపక్కన పెట్టి చూపిస్తే, 'నాకు ఇది వచ్చేది కాదు, ఇప్పుడు వచ్చింది' అన్నది పిల్ల కళ్లతోనే చూస్తుంది. మార్కు ఇవ్వలేని తెలివిడి అది. గోడ మీద వేలాడిన బొమ్మలను సున్నం వేసే ముందు చింపి పారేయకుండా, ఎవరివి వాళ్లకిచ్చి, వాటిలో ఏది తీసుకెళతారో వాళ్లనే ఎంచుకోమనడం చిన్న పని. ఏపీపెప్ కాలంలో గోడ మీదికి ఎక్కిన పిల్లల పనికి, ఏప్రిల్లో దిగే మర్యాద గురించి ఏ శిక్షణా చెప్పలేదు. ఇలాంటివన్నీ వార్షికోత్సవం స్టేజీ మీద జరగవు. సినిమా పాటకు పది మంది నాట్యం చేస్తే మిగతావాళ్లు చప్పట్లు కొట్టే సభకు ఖర్చు ఎక్కువ, పిల్ల చదువుతో సంబంధం తక్కువ. గుజరాతీ విద్యావేత్త గిజుభాయి రాసిన 'పగటికల'లోని ప్రయోగం కూడా చివరి సమ్మేళనంతోనే ముగుస్తుంది. ఆ సమ్మేళనానికి విలువ వచ్చింది పిల్లలు ఏడాదంతా చేసిన పని అందులో కనబడటం వల్ల.

ఇంటికి అప్పగించడంలో మనం చాలా వెనకబడ్డాం. 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతటా మెగా తల్లిదండ్రుల సమావేశం జరిగింది. ముఖ్యమంత్రి హాజరైన సభ బాపట్ల మున్సిపల్ హైస్కూల్లోనే. 2025 జూలై 10న మరోసారి జరిపారు. తల్లిదండ్రులు బడి గుమ్మం ఎక్కడం మంచి మార్పు. కానీ ఒకటి ఏడాది మధ్యలో, మరొకటి ఏడాది మొదట్లో. సెలవులకు ముందు ఏడు వారాల సంగతి మాట్లాడుకునే సమావేశం లేదు. పెట్టినా పగలు పెడితే కూలికెళ్లే తల్లి రాలేదు. ఒక రోజు కోత మానుకుంటే ఆ రోజు కూలి పోతుంది. ఒంటిపూట బడుల రోజుల్లో, పొద్దు వాలాక, పేటలోనే చెట్టు కింద అరగంట మాట్లాడితే చాలు. తల్లికి చదువు రాకపోతే ఏం అప్పగిస్తామని అడిగేవాళ్లకు చెప్పదగ్గ జవాబు ఉంది. రాత్రి పిల్ల చదివితే వినడం, కల్లంలో టిక్కీలు లెక్కపెట్టించడం, సంతలో చిల్లర లెక్క పిల్ల చేత చేయించడం చదువు రాని తల్లి కూడా చేయగలిగిన పనులే. ఆలింగ్‌టన్, మెక్‌గిల్-ఫ్రాంజెన్ అనే పరిశోధకులు అమెరికాలో ఫ్లోరిడాలోని 17 పేద బళ్ల పిల్లలకు మూడు వేసవులపాటు ప్రతిసారీ తమకు నచ్చిన డజను పుస్తకాలు ఇళ్లకు ఇచ్చి చూశారు. వేసవి తరగతులు పెట్టినంత మేలు కనిపించిందని 2010లో రాశారు. మన దగ్గర 2020లో 'చదవడం మాకిష్టం' కార్యక్రమం అదే దిశలో మొదలైంది. ఇక పుస్తకం, ఊరు కలిసి నడిచిన చరిత్ర ఈ నేలకు కొత్త కాదు. 1918లో వేటపాలెంలో పుట్టిన సారస్వత నికేతనం ఇప్పటికీ పుస్తకాలు అందిస్తూనే ఉంది. సెలవుల్లో బడి గ్రంథాలయం పుస్తకాలు బీరువాలో తాళం కింద ఉంటాయి. పోతాయని భయం. పది పోయినా తొంభై చదవబడితే ఆ పది ఖర్చు కిందే రాసుకోవచ్చు, దానికి టీచరు జేబులోంచి కట్టించకుండా ఉంటే.

సెలవులు ఆటలకు, అమ్మమ్మ ఇంటికి, మామిడి తోపుకు. చదువును అక్కడికి తరమడం అన్యాయమనేవాళ్ల మాట వినదగ్గది. ఎండాకాలం హోంవర్కు సంచి ఇచ్చి పంపమని నేను అనడం లేదు; అది పిల్లకూ శిక్షే, జూన్‌లో దిద్దే టీచరుకూ శిక్షే. నచ్చిన కథల పుస్తకం ఇచ్చి పంపడం ఆటకు అడ్డం కాదు. పైగా ఆట దక్కే పిల్లలెవరు, ఇంటి చాకిరీ దక్కే పిల్లలెవరన్నది కూడా చూడాలి. ఏడు వారాలు బడి లేకపోవడమంటే ఏడు వారాలు మధ్యాహ్న భోజనం లేకపోవడం కూడా. కరవు ప్రాంతాల్లో వేసవి సెలవుల్లోనూ మధ్యాహ్న భోజనం పెట్టాలని సుప్రీంకోర్టు 2004 ఏప్రిల్ 20న ఆదేశించింది. పడమటి ప్రకాశం లాంటి చోట ఆ భోజనం మొదలయ్యే రోజు, పెట్టే చోటు, వండే మనిషి పేరు సెలవులకు ముందే తల్లులకు తెలియాలి. పుస్తకాల పెట్టె అక్కడే పెడితే తిన్న తర్వాత అరగంట కూర్చునేవాళ్లు ఉంటారు. రెంటచింతల వైపు ఎండలు తెలిసినవాళ్లెవరూ మే నెల మధ్యాహ్నం పిల్లల్ని ఇంకెక్కడికీ నడిపించమనరు.

ఇక టీచరు వైపు నుంచి వచ్చే అభ్యంతరం: ఇప్పటికే యాప్‌లు, అప్‌లోడ్లు, సర్వేలు, పదో తరగతి పరీక్షల డ్యూటీలు, ఇద్దరు టీచర్లతో ఐదు తరగతులు, దీని మీద ఇంకో పనా? ఈ మాట అన్నవాళ్లను తప్పుపట్టలేను. అందుకే ఇది కొత్త రిజిస్టరుగా రాకూడదు. పై నుంచి నమూనా ఫారంగా వచ్చిన రోజున, ఆ నాలుగు వాక్యాలు అన్ని బళ్లలోనూ ఒకేలా ఉండే నాలుగు వాక్యాలైపోతాయి. దానికి బదులు ఉన్నవాటిలో ఒకటి తగ్గించాలి. ఒకటి, రెండు తరగతులకు సమ్మేటివ్ పేపర్ల రాతపరీక్షను తీసేసి, ఆ రోజుల్లో ఒక్కొక్క పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని పది నిమిషాలు చదివించి వింటే, ముప్పై మందికి ఐదు గంటలు. వారం ఒంటిపూట బడుల్లో అయిపోతుంది. పరీక్ష తీసేస్తే తల్లిదండ్రులు బడిని లెక్కచేయరంటారు. తమ ఎదుట తమ బిడ్డ పుస్తకం తెరిచి గడగడా చదివితే ఏ తల్లీ మార్కుల కాగితం అడగదు. తడబడితే, ఎక్కడ తడబడిందో ఆ తల్లికి కూడా తెలుస్తుంది. ప్రైవేటు బళ్లు పరీక్షల హడావుడితో పిల్లల్ని లాక్కుంటున్న ఊళ్లలో ప్రభుత్వ బడి చూపగలిగిన నిజమైన సాక్ష్యం అది.

మిగిలింది, కోతల నుంచి ఏప్రిల్ మూడో వారంలో తిరిగొచ్చిన పిల్ల. పరీక్షలు అయిపోయాయి, పేరు పట్టీలో ఉంది, ప్రమోషను ఖాయం. చాలా చోట్ల ఆ పిల్లకు ఎవరూ ఏమీ చెప్పరు. పిల్ల కూడా రెండు రోజులు వచ్చి మానేస్తుంది. జనవరిలో తల్లి చేతికిచ్చిన కాగితాన్ని ఆ రోజు తిరిగి తీసుకుని, చివర రెండు వాక్యాలు కలపాలి: కోతల ఊళ్లో బడికి వెళ్లిందా, ఇప్పుడు ఎక్కడ ఆగుతోంది. ఒక పుస్తకం ఎంచుకోమనాలి. కాగితం నకలు బీరువాలో, అసలు పిల్ల సంచిలో. జూన్ 12న కొత్త సంచి, కొత్త బూట్లు పంచే హడావుడిలో ఆ కాగితం అడిగి చదివే టీచరు ఎవరో, వేసవి బదిలీల తర్వాత అయినా సరే, పేరు రాసి పెట్టాలి.